చెన్నై నుంచి హైదరాబాదుకు గాల్లో ఎంత దూరం? విమాన దూరాన్నీ, సమయాన్నీ సొంతంగా లెక్కగట్టే పద్ధతి

నెల్లూరు జిల్లాలోగాని, ప్రకాశం జిల్లాలోగాని ప్రయాణికుల విమానం దిగే చోటు ఇంతవరకు లేదు. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. ఈలోగా కావలిలోని మా టికెట్ల దుకాణానికి వచ్చేవారు చెన్నైకో, రేణిగుంటకో, గన్నవరానికో వెళ్లి విమానం ఎక్కుతూనే ఉన్నారు. మూడు దారులు ఉన్నప్పుడు ఏ దారి మేలన్న ప్రశ్న తప్పదు. "చెన్నై నుంచి ఎంత దూరమండీ, విజయవాడ నుంచి అయితే ఎంతండీ, ఎంతసేపట్లో దిగుతాం?" అని రోజుకు ఒకరైనా అడుగుతారు. టికెట్ మీద సమయాలు ఉంటాయి గాని దూరం ఉండదు. ఆ సమయాలను కూడా, ముఖ్యంగా విదేశీ ప్రయాణాల్లో, ఉన్నవి ఉన్నట్టుగా ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే తప్పు జవాబే వస్తుంది. కాగితమూ, సైన్, కోసైన్ మీటలున్న కాలిక్యులేటరూ దగ్గరుంటే ఎవరైనా ఈ లెక్కను సొంతంగా చేసుకోవచ్చు. ఆ పద్ధతిని, నేను పొరపడిన చోట్లతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు ఏ దూరమో తేల్చుకోవాలి

రెండు విమానాశ్రయాల మధ్య దూరం అన్నప్పుడు ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్క సంగతి ఉంటుంది. భూమి ఉపరితలం మీద ఒక చోటి నుంచి మరో చోటికి ఉన్న అతి దగ్గరి దారి ఒకటి. దీన్ని మహావృత్త దూరం అంటారు, అంటే భూగోళం మీద ఆ రెండు చోట్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే ఆ దారం పొడవు ఎంతో అంత. విమానం ఆ రోజు నిజంగా ఎగిరిన దూరం రెండోది. మొదటిది ఎప్పుడు లెక్కగట్టినా మారదు, రెండోది ప్రతి రోజూ కొద్దో గొప్పో మారుతుంది. పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో కనిపించే అంకె చాలావరకు మొదటిదే కాబట్టి, లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

కొలతల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చెన్నై, హైదరాబాదుల మధ్య దూరం ఒకచోట 508 అని, మరోచోట 316 అని, ఇంకోచోట 274 అని కనిపిస్తే ఏదో ఒకటి తప్పని అనుకోనక్కరలేదు. మొదటిది కిలోమీటర్లు, రెండోది మామూలు మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు. విమానాలు నడిపేవారు, ఓడలు నడిపేవారు నాటికల్ మైళ్లలోనే మాట్లాడతారు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే వచ్చే ఒక్కో నిమిషం పొడవు నుంచే ఈ కొలత పుట్టింది కాబట్టి, అక్షాంశం ఒక డిగ్రీ మారితే 60 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 111 కిలోమీటర్లు నడిచినట్టు. ఈ 111 అన్న అంకెను గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే.

అక్షాంశ రేఖాంశాలను తెచ్చుకోవడం

లెక్కకు కావలసిన ముడిసరుకు రెండు విమానాశ్రయాల అక్షాంశం, రేఖాంశం. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, విమానాశ్రయం మీద వేలు కాసేపు ఆనించి పట్టుకుంటే గుర్తు పడుతుంది, దానితోపాటు రెండు అంకెలు కనిపిస్తాయి; మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. వేలు టెర్మినల్ భవనం మీద కాకుండా రన్‌వేల మధ్య ప్రాంతంలో పెట్టడం మంచిది, ఎందుకంటే విమానాశ్రయాల అధికారిక పత్రాల్లో ఇచ్చే సూచక బిందువు సాధారణంగా రన్‌వేల మధ్యభాగానికి దగ్గరగా ఉంటుంది. అయితే మన అవసరానికి అంత పట్టింపు అక్కరలేదు. దశాంశం తర్వాత రెండు అంకెలు తీసుకుంటే చాలు. రెండో అంకెలో ఒకటి తేడా వస్తే దూరంలో వచ్చే తేడా సుమారు ఒక కిలోమీటరు మాత్రమే.

నేను దుకాణం గోడకు అంటించుకున్న కాగితంలోని అంకెలు ఇవి. చెన్నై 12.99, 80.17. తిరుపతి, అంటే రేణిగుంట, 13.63, 79.54. విజయవాడ, అంటే గన్నవరం, 16.53, 80.80. హైదరాబాదు శంషాబాదు 17.24, 78.43. ఢిల్లీ 28.57, 77.10. దుబాయి 25.25, 55.36. సింగపూరు 1.35, 103.99. అన్నీ ఉత్తర అక్షాంశాలు, తూర్పు రేఖాంశాలే కాబట్టి గుర్తుల గొడవ లేదు. అమెరికా ఊళ్లకు రేఖాంశం పడమటిది కాబట్టి ముందు మైనస్ గుర్తు పెట్టాలి.

కొన్ని పత్రాల్లో దశాంశాలకు బదులు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి. శంషాబాదు అక్షాంశాన్ని 17 డిగ్రీల 14 నిమిషాల 24 సెకన్లు అని ఇస్తే, 14ను 60తోనూ, 24ను 3600తోనూ భాగించి 17కు కలపాలి, 17.24 వస్తుంది. ఈ మార్పు చేయకుండా 17.14 అని వేసుకునేవారు చాలామంది ఉన్నారు, ఆ ఒక్క పొరపాటుతో దూరంలో పదకొండు కిలోమీటర్ల వరకు తేడా వచ్చేస్తుంది. పాత జాబితాలతో కూడా జాగ్రత్త అవసరం. 2008లో హైదరాబాదు విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు మారినప్పుడు హెచ్‌వైడీ అన్న మూడక్షరాల సంకేతం కూడా కొత్త విమానాశ్రయానికి వెళ్లిపోయింది. సంకేతం అదే అయినా చోటు మారింది కాబట్టి, పాత జాబితాలోని అక్షాంశ రేఖాంశాలు వేస్తే విమానం ఊరికి అవతలి వైపు దిగుతుంది.

దగ్గరి ఊళ్లకు సులువైన లెక్క

వెయ్యి కిలోమీటర్ల లోపు దూరాలకు భూమి గుండ్రదనాన్ని పెద్దగా పట్టించుకోనక్కరలేదు. బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం చాలు. ఉత్తర దక్షిణాలుగా ఎంత దూరం, తూర్పు పడమరలుగా ఎంత దూరం అని విడివిడిగా కట్టి, పైథాగరస్ సూత్రంతో కర్ణాన్ని తీస్తే అదే మనకు కావలసిన దూరం. ఇందులో ఒకే ఒక్క మెలిక ఉంది. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా ఇంచుమించు 111 కిలోమీటర్లే గాని, రేఖాంశంలో ఒక డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర మాత్రమే అంత ఉంటుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరికి వచ్చేస్తాయి కాబట్టి ఆ డిగ్రీ పొడవు తగ్గిపోతుంది. నెల్లూరు దగ్గర అది సుమారు 108 కిలోమీటర్లు, ఢిల్లీ దగ్గర 98 కిలోమీటర్లు. ఆ తగ్గుదలను అక్షాంశపు కోసైన్ చెబుతుంది.

చెన్నై, హైదరాబాదులతోనే చేసి చూద్దాం. అక్షాంశాల తేడా 17.24లోంచి 12.99 తీసివేస్తే 4.25 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే 472.6 కిలోమీటర్లు వస్తుంది. ఇది ఉత్తరంగా వెళ్లిన దూరం. రేఖాంశాల తేడా 1.74 డిగ్రీలు. రెండు అక్షాంశాల సగటు 15.1 డిగ్రీలు, దాని కోసైన్ 0.9654. 1.74ను 111.2తోనూ, మళ్లీ 0.9654తోనూ గుణిస్తే 186.8 కిలోమీటర్లు, ఇది పడమరగా జరిగిన దూరం. రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే 508 కిలోమీటర్లు.

ఈ 508 కిలోమీటర్ల గీత ఎక్కడ నుంచి వెళుతుందో చూడాలని ఒకసారి దుకాణంలోని ఆంధ్రప్రదేశ్ పటం మీద చెన్నై దగ్గర ఒక గుండుసూది, హైదరాబాదు దగ్గర మరో గుండుసూది గుచ్చి దారం కట్టాను. ఆ దారం నెల్లూరు నగరాన్ని తాకలేదు. దానికి నలభై కిలోమీటర్లకు పైగా పడమరన, ఆత్మకూరుకూ ఉదయగిరికీ మధ్యగా వెళ్లి, కంభం చెరువును ఆనుకుంటూ నల్లమల వైపు సాగిపోయింది. పగటిపూట ఉదయగిరి కొండ కింద నిలబడి తల పైకెత్తితే తెల్లగీతలు గీస్తూ ఉత్తరానికి పోయే విమానాలు ఎందుకు కనిపిస్తాయో అప్పుడు అర్థమైంది.

దూరం పెద్దదైతే

దుబాయి, సింగపూరు లాంటి ఊళ్లకూ, అంతకంటే దూరమైనవాటికీ గోళ త్రికోణమితి సూత్రం వాడాలి. పేరు చూసి బెదరనక్కరలేదు. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణించి ఒక పక్క పెట్టుకోవాలి. రెండు అక్షాంశాల కోసైన్ విలువలనూ, రేఖాంశాల తేడా కోసైన్‌నూ, మూడింటినీ గుణించి రెండో పక్క పెట్టుకోవాలి. ఈ రెండింటినీ కలిపితే వచ్చే అంకెకు విలోమ కోసైన్ (కాలిక్యులేటరు మీద cos⁻¹ అని ఉండే మీట) తీస్తే ఒక కోణం వస్తుంది. భూమి కేంద్రం దగ్గర నిలబడి ఆ రెండు ఊళ్లను చూస్తే వాటి మధ్య కనిపించే కోణం అది. ఆ కోణాన్ని 111.2తో గుణిస్తే దూరం వచ్చేస్తుంది.

చెన్నై, దుబాయిలకు మొదటి గుణకారం 0.2248ని 0.4266తో చేస్తే 0.0959. రెండోది 0.9744, 0.9045, 0.9077 మూడింటినీ గుణిస్తే 0.8000. మొత్తం 0.8959. దాని విలోమ కోసైన్ సుమారు 26.38 డిగ్రీలు, దూరం సుమారు 2,933 కిలోమీటర్లు. ఇదే జంటకు పైన చెప్పిన త్రిభుజం లెక్క వేస్తే 2,942 వస్తుంది. తొమ్మిది కిలోమీటర్ల తేడాతో లోకం మునిగిపోదు గాని, అమెరికా ప్రయాణాలకు ఆ పద్ధతి వాడితే వేల కిలోమీటర్ల తప్పు వస్తుంది.

ఇదంతా ఎక్సెల్‌లో ఒక్కసారి కట్టి పెట్టుకుంటే తర్వాత అంకెలు మార్చుకుంటే సరిపోతుంది. నేను తొలిసారి కట్టినప్పుడు చెన్నై నుంచి హైదరాబాదుకు 12,600 కిలోమీటర్ల పైచిలుకు అని చూపింది. సూత్రాన్ని నాలుగుసార్లు సరిచూసుకున్నాను, ఎక్కడా తప్పు కనబడలేదు. చివరికి డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడు చూసి నవ్వి, ఎక్సెల్‌కు డిగ్రీలు తెలియవని, కోణాలను రేడియన్లు అనే మరో కొలతలోకి మార్చి ఇవ్వాలని చెప్పాడు. దానికి రేడియన్స్ అనే ఫంక్షన్ ఉంది. సైన్, కోసైన్ లోపల పెట్టే ప్రతి కోణానికీ ముందు దాన్ని తగిలించాలి. అప్పుడు విలోమ కోసైన్ ఇచ్చే జవాబు కూడా రేడియన్లలోనే ఉంటుంది కాబట్టి, దాన్ని 111.2తో కాకుండా భూమి సగటు వ్యాసార్ధమైన 6,371తో గుణించాలి. చేతి కాలిక్యులేటరు వాడేవారు తెర మీద డిగ్రీల గుర్తు ఉందో లేదో ముందే చూసుకుంటే ఈ అవస్థ ఉండదు.

భూమి నిజానికి నిండు గోళం కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వైపు 6,357 కిలోమీటర్లు. దీనివల్ల గోళం లెక్కలో అర శాతం వరకు తేడా రావచ్చు. టికెట్ కొనేవారికి అది లెక్కలోకి రాదు.

ఇంత లెక్క చేసే తీరిక లేనివారు గూగుల్ మ్యాప్స్‌లోనే గుర్తు పెట్టాక దూరం కొలిచే వీలును ఎంచుకుని రెండో విమానాశ్రయం వరకు గీత లాగవచ్చు, లేదా గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే వెబ్‌సైట్‌లో రెండు మూడక్షరాల సంకేతాలూ మధ్యలో చిన్న గీతతో కొట్టవచ్చు. చేత్తో ఒకసారి చేసి, దీనితో సరిపోల్చుకోవడం మంచి అలవాటు. గూగుల్ మ్యాప్స్‌లో గీత లాగకుండా దారి అడిగితే మాత్రం అది రోడ్డు దూరాన్నే చెబుతుందని మరిచిపోకూడదు. ఆ రెండింటినీ కలగలిపి చెన్నై, హైదరాబాదుల మధ్య విమానం ఆరు వందల కిలోమీటర్లు ఎగురుతుందని వాదించిన పెద్దమనిషి ఒకరు మా దుకాణంలోనే ఉన్నారు.

విమానం దారం వెంట పోదు

దారం పొడవు తెలిసింది గాని, విమానం సరిగ్గా దారం మీదే పోదు. గాలి వాలును బట్టి ఎటువైపు రన్‌వే నుంచి లేవాలో అటే లేస్తుంది, ఆపైన చుట్టు తిరిగి తన దారి పడుతుంది, నిర్ణయించిన గగనమార్గాల మీదుగా వెళుతుంది, దిగేచోట వరుసలో నిలబడుతుంది. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో, విమానాల కర్బన ఉద్గారాలను లెక్కగట్టేటప్పుడు మహావృత్త దూరానికి కొంత కలుపుతుంది: దూరం 550 కిలోమీటర్ల లోపైతే 50, అక్కడి నుంచి 5,500 వరకు 100, ఆపైన 125 కిలోమీటర్లు. చెన్నై, హైదరాబాదుల 508 ఈ లెక్కన 558 అవుతుంది. నిజంగా ఎగిరే దూరాన్ని అంచనా వేయడానికి నేను కూడా ఈ కూడికనే వాడుతున్నాను.

మన వైపు వారికి బాగా తెలిసిన అడ్డంకి ఒకటుంది. చెన్నై నుంచి విజయవాడకు దారం కడితే అది శ్రీహరికోటకు ఆనుకునే పోతుంది. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ చుట్టుపక్కల ఆకాశాన్ని కొన్ని గంటలపాటు మూసివేస్తున్నట్టు ముందుగానే విమానయాన ప్రకటన వెలువడుతుంది. దాన్ని నోటామ్ అంటారు. ఆ సమయంలో ఆ దారిన పోవలసిన విమానాలు చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదా ఆలస్యంగా బయల్దేరాలి. సూళ్లూరుపేట వాళ్లు మేడలెక్కి పైకి చూస్తున్న ఆ గంటలో పైన విమానం ఉండదు. ఇదే పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో 2019లోనూ, మళ్లీ 2025 ఏప్రిల్ నుంచీ పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసినప్పుడు ఉత్తర భారతం నుంచి పడమరకు పోయే ప్రయాణికులకు అనుభవమైంది.

ఒక విమానం నిన్న ఏ దారిన వెళ్లిందో చూడాలంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి వాటిలో ఆ విమానం నంబరు కొడితే గీతతో సహా కనిపిస్తుంది. నాలుగైదు రోజుల గీతలు పక్కపక్కన చూస్తే ఒకదానికొకటి ఎంత తేడాగా ఉంటాయో తెలుస్తుంది.

దూరం నుంచి సమయానికి

టికెట్ మీది సమయం చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి లెక్కపెట్టేది కాదు. విమానం తన నిలుపుచోటు నుంచి కదిలిన క్షణం మొదలు, గమ్యంలో మళ్లీ నిలుపుచోట ఆగే వరకు పట్టే కాలాన్ని బ్లాక్ టైమ్ అంటారు; అచ్చువేసేది దాన్నే. రన్‌వే దాకా పాకడం, లేచేందుకు వంతు కోసం ఆగడం, దిగాక మళ్లీ పాకడం అన్నీ అందులోనే ఉంటాయి. పైగా ఆలస్యం అయినా సమయానికి చేరినట్టు కనబడాలని విమాన సంస్థలు కొన్ని నిమిషాలు అదనంగా వేసుకుంటాయి. మనవాళ్లు "ఇరవై నిమిషాలు ముందే దింపాడు" అని మురిసిపోయేది ఆ అదనపు నిమిషాలను చూసే.

ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి విమానాలు పైన గంటకు 830 కిలోమీటర్ల చొప్పున ఎగురుతాయి. ఖండాలు దాటే పెద్ద విమానాలు 900 వరకు. రెక్కలకు పంకాలున్న ఏటీఆర్ 72 మాత్రం 500. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి, జెట్ విమానాలకు దూరాన్ని 800తో భాగించి, వచ్చినదానికి అరగంట కలపమని చెబుతాను. చెన్నై, హైదరాబాదులకు 508ని 800తో భాగిస్తే 38 నిమిషాలు, అరగంట కలిపితే గంటా ఎనిమిది నిమిషాలు. టికెట్ మీద గంటా పది నుంచి గంటా ఇరవై వరకు ఉంటుంది. చెన్నై, ఢిల్లీల మధ్య 1,762 కిలోమీటర్లు. రెండు గంటల 42 నిమిషాలు వస్తుంది, టికెట్ మీద ఇంకో పది నిమిషాలు ఎక్కువ కనబడవచ్చు. తిరుపతి, హైదరాబాదుల మధ్య 419 కిలోమీటర్లను ఏటీఆర్‌లో వెళితే 500తో భాగించి పాతిక నిమిషాలు కలపాలి, గంటా పావు. దూరం తొంభై కిలోమీటర్లు తక్కువైనా సమయం తక్కువ కాలేదు. అందుకే దూరం అడిగినవారిని ఏ విమానమో కూడా చూడమంటాను. టికెట్ కొనేటప్పుడు సర్వీసు వివరాల్లో విమానం రకం రాసి ఉంటుంది.

గాలి చేసే పని

పై లెక్కలో గాలి లేదు. విమానం వేగం గాలితో పోల్చినప్పటిది. నేలతో పోలిస్తే వెనుక గాలి ఉన్నప్పుడు ఆ గాలి వేగం కలుస్తుంది, ఎదురుగాలి ఉన్నప్పుడు తగ్గుతుంది. చెన్నై, దుబాయిల 2,933 కిలోమీటర్లలో పొడవునా గంటకు 80 కిలోమీటర్ల పడమటి గాలి వీస్తోందని అనుకుందాం. వెళ్లేటప్పుడు వేగం 750, పట్టేది మూడు గంటల 55 నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం 910, పట్టేది మూడు గంటల 13 నిమిషాలు. ఒకే దారి, ఒకే విమానం, నలభై నిమిషాల పైచిలుకు తేడా. ఉత్తర భారతం మీద చలికాలంలో పైగాలులు ఇంతకంటే బలంగా పడమర నుంచి తూర్పుకు వీస్తాయి.

దక్షిణాదిలో వర్షాకాలం కథ తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మన ద్వీపకల్పం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక బలమైన గాలి ప్రవహిస్తుంది. దీన్ని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. మన దేశపు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని వివరించారు. దాని ఉధృతి విమానాలు ఎగిరే ఎత్తుకు కొంచెం పైన ఎక్కువగా ఉన్నా, కిందికి కూడా ప్రభావం ఉంటుంది. అందువల్ల ఒక నెలలో చూసిన సమయాన్ని ఏడాది పొడవునా అదే అనుకోకూడదు.

గాలి ఎంత చేయగలదో చెప్పడానికి ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసును మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగిస్తే అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. లెక్కగడితే దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఎయిరిండియా 2016 అక్టోబరులో అట్లాంటిక్ దారి విడిచి, పసిఫిక్ మీదుగా సుమారు 15,300 కిలోమీటర్ల దారి పట్టింది. అట్లాంటిక్ దారికంటే అది పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ. అయినా వెనుక గాలి తోడవడంతో దాదాపు రెండు గంటలు ముందే చేరింది.

గడియారం ముల్లును దిద్దుకోవడం

చెన్నై నుంచి సింగపూరు ఎంత దూరమో పై సూత్రంతో కడితే సుమారు 2,925 కిలోమీటర్లు వస్తుంది. దుబాయికి 2,933. ఒకటి తూర్పున, ఒకటి పడమరన, మధ్యలో చెన్నై తక్కెడ ముల్లులా ఉంటుంది. అయినా టికెట్ చూస్తే దుబాయికి మూడు గంటలలోపు, సింగపూరుకు ఏడు గంటలు పట్టినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే టికెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరి గడియారం ప్రకారం, చేరే సమయం చేరే ఊరి గడియారం ప్రకారం ఉంటాయి. మన గడియారం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు, దుబాయిది నాలుగు గంటలు, సింగపూరుది ఎనిమిది గంటలు.

అల్లూరు నుంచి ఒక పెద్దామె కొడుకు టికెట్లు పట్టుకుని వచ్చి, "ఏం నాయనా, పోయేటప్పుడు మూడు గంటల్లోపే దింపి, వచ్చేటప్పుడు అయిదున్నర గంటలు తిప్పుతారా, ఏమైనా డొక్కు విమానం ఎక్కించావా?" అని నిలదీసింది. వెళ్లే టికెట్‌లో చెన్నైలో తెల్లవారుజాము 4.00, దుబాయిలో ఉదయం 6.45 అని ఉంది. తేడా రెండు ముప్పావు గంటలు. దుబాయి గడియారం గంటన్నర వెనుక ఉంది కాబట్టి ఆ గంటన్నర కలిపితే నాలుగుంపావు గంటలు. తిరుగు టికెట్‌లో కనిపించేది అయిదున్నర గంటలు; అందులోంచి గంటన్నర తీసివేస్తే నాలుగు గంటలు. కాగితం మీద రెండు గడియారాల బొమ్మలు వేసి చూపించాక ఆమె ఒప్పుకుంది గాని, రెండో కాగితం మీద తానే ఇంకోసారి లెక్క చేసి గాని లేవలేదు.

గందరగోళం వద్దనుకుంటే రెండు సమయాలనూ మన గడియారంలోకి మార్చుకుని, తర్వాత తీసివేయాలి. సింగపూరులో తెల్లవారి 4.50కి దిగితే మన గడియారంలో అది రాత్రి 2.20, రాత్రి 10.00కు చెన్నైలో బయల్దేరి ఉంటే ప్రయాణం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. తేదీ మారిందో లేదో చూసుకోవాలి. టికెట్ మీద చేరే సమయం పక్కన ప్లస్ ఒకటి అని చిన్నగా ఉంటే మర్నాడని అర్థం. అమెరికాలో చాలాచోట్ల మార్చిలో గడియారాన్ని గంట ముందుకు, నవంబరులో గంట వెనక్కు తిప్పుతారు కాబట్టి, అక్కడి ఊళ్లకు ప్రయాణ తేదీని బట్టి తేడా చూసుకోవాలి.

ఇంటి గుమ్మం నుంచి లెక్క

మా కావలి నుంచి రోడ్డు మీద గన్నవరం సుమారు 225 కిలోమీటర్లు, చెన్నై విమానాశ్రయం సుమారు 240, రేణిగుంట సుమారు 180. ఢిల్లీ వెళ్లేవారికి చెన్నై నుంచి గాల్లో 1,762 కిలోమీటర్లు అయితే, గన్నవరం నుంచి 1,392 మాత్రమే. తేడా 370 కిలోమీటర్లు, 800తో భాగిస్తే దాదాపు 28 నిమిషాలు. రోడ్డు ఇంచుమించు సమానం కాబట్టి ఢిల్లీకి గన్నవరమే మేలని లెక్క చెబుతుంది. అయితే అక్కడి నుంచి రోజుకు ఉండే సర్వీసులు తక్కువ, మూడు గంటలు వేచి ఉండవలసి వస్తే ఆ 28 నిమిషాల లాభం గాలికి పోతుంది. ఒంగోలు వారికి మాత్రం సందేహం అక్కరలేదు, గన్నవరం వారికి 165 కిలోమీటర్ల లోపే. నెల్లూరు వారికి చెన్నై 180, రేణిగుంట 120 ప్రాంతం. గల్ఫ్‌కు, సింగపూరుకు అయితే చెన్నై నుంచే సర్వీసులు ఎక్కువ. తడ దాటాక రెడ్‌హిల్స్ దగ్గర నుంచి మీనంబాక్కం వరకు ఉండే రద్దీకి ఉదయం, సాయంత్రం వేళల్లో గంట అదనంగా వేసుకోమని ప్రతివారికీ చెబుతాను.

హైదరాబాదు వెళతామనే వారికి కూడా ఇదే లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను. కావలి నుంచి రేణిగుంటకు మూడున్నర గంటలు, విమానాశ్రయంలో రెండు గంటలు, గాల్లో గంటా పావు, శంషాబాదులో సామాను తీసుకుని ఊళ్లోకి చేరేసరికి మరో గంటన్నర; మొత్తం ఎనిమిదింపావు. అద్దంకి, నార్కెట్‌పల్లి దారిన రాత్రి బస్సు కూడా ఇంచుమించు అంతే తీసుకుంటుంది, పైగా పడుకుని పోవచ్చు. విమానం టికెట్ మీద నాకు నాలుగు రూపాయలు మిగులుతాయన్నది నిజమే గాని, ఆ కాగితం చూసిన వారిలో చాలామంది బస్సు టికెట్టే అడుగుతారు, నేనూ అదే ఇస్తాను.